రోడ్ సైకిల్‌కి లోహపు మడ్‌గార్డులు: ఏవి తీసుకోవాలి, ఎలా బిగించాలి?

వానబండి:
అందరికీ నమస్కారం. వానలు మొదలయ్యేలోపు నా రోడ్ సైకిల్‌కి పూర్తి మడ్‌గార్డులు పెట్టుకోవాలని ఉంది. స్టీల్ ఫ్రేము, స్టీల్ ఫోర్కు, 700సి చక్రాలు, 28 మి.మీ. టైర్లు, రిమ్ముని రెండు పక్కలా నొక్కే కాలిపర్ బ్రేకులు. ముందూ వెనకా డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే చోట్ల) దగ్గర మడ్‌గార్డ్ బోల్టులకి బెజ్జాలున్నాయి. ఇప్పుడు సీటు పోస్టుకి తగిలించే ప్లాస్టిక్ రెక్క వాడుతున్నాను. నడుము తడవట్లేదు గానీ బూట్లు, చైను, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) అంతా బురదే.

లోహపువే కొనాలని నిర్ణయించుకున్నాను. అల్యూమినియం మంచిదా, స్టెయిన్‌లెస్ స్టీలా? వెడల్పు ఎంత ఉండాలి? సుత్తి అచ్చులున్న వాటికీ నున్నటి వాటికీ తేడా అందం వరకేనా? బిగించే పని నేనే చేసుకోగలనా? సైకిల్ విప్పి బిగించడం అలవాటే, కానీ మడ్‌గార్డుకి డ్రిల్ పెట్టడం ఇదే మొదలు.

రెంచిపట్టు:
వానబండి గారూ, కంపెనీ పేర్లు పక్కన పెట్టి ముందు ఒక్క కొలత చెప్పండి. బ్రేకు ఫ్రేముకి బిగిసే బోల్టు మధ్య నుంచి బ్రేకు ప్యాడ్ మధ్య వరకు నిలువుగా ఎంత దూరం ఉంది? దాన్నే బ్రేక్ రీచ్ అంటారు. మీ సైకిల్‌కి మడ్‌గార్డు పడుతుందా పడదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

లెక్క ఇది. 700సి రిమ్ముకి టైరు కూర్చునే వ్యాసం 622 మి.మీ., అంటే వ్యాసార్ధం 311. దానికి 28 మి.మీ. టైరు కలిపితే టైరు పైభాగం హబ్ కేంద్రం నుంచి 339 మి.మీ. దూరంలో ఉంటుంది. బ్రేకు ప్యాడ్ మధ్యభాగం కేంద్రం నుంచి సుమారు 310 దగ్గర పడుతుంది. రేసు సైకిళ్ల బ్రేకుల రీచ్ 39 నుంచి 49 మి.మీ. మీ బ్రేకు అదే అయి, ప్యాడ్లు చివరి వరకు కిందికి దింపినా, బోల్టు కేంద్రం 359 దగ్గరే ఉంటుంది. టైరుకీ దానికీ మధ్య మిగిలేది 20. అందులో బ్రేకు చేతుల మందమే దాదాపు సగం తినేస్తుంది. మిగతా సగంలో మడ్‌గార్డు, దాని బోల్టు తల, గాలి ఖాళీ అన్నీ ఇమడాలి. ఇమడవు.

అదే 47 నుంచి 57 మి.మీ. రీచ్ ఉన్న బ్రేకులైతే 28 టైరు మీద లోహపు మడ్‌గార్డు హాయిగా కూర్చుంటుంది. కొలిచి చెప్పండి.

వానబండి:
కొలిచాను. ముందు 53, వెనక 54 మి.మీ. వస్తోంది.

రెంచిపట్టు:
అయితే టెన్షన్ లేదు. బ్రేకు కింద టైరుకి పైన ఓ 14, 15 మి.మీ. ఖాళీ దొరుకుతుంది. ఇక కొనుక్కోవచ్చు.

పాతఫ్రేము:
లోహం సంగతి నేను చెబుతాను, ఈ రెండూ వాడినవాణ్ని.

స్టెయిన్‌లెస్ స్టీలు సాంద్రత అల్యూమినియానికి దాదాపు మూడింతలు, బిగువు కూడా దాదాపు మూడింతలే. అందుకే స్టీలు మడ్‌గార్డు రేకు పల్చగా చేస్తారు, అయినా మొత్తం మీద కాస్త బరువే. సొట్ట పడటం తక్కువ, పగుళ్లు రావడం తక్కువ. కానీ వంపు సరిచేయాలన్నా, బెజ్జం పెట్టాలన్నా మొండికేస్తుంది. మామూలు డ్రిల్ బిట్టుతో వేగంగా తిప్పితే బిట్టు కాలిపోతుంది. నెమ్మదిగా, నూనె చుక్క వేసి, గట్టిగా నొక్కి తిప్పాలి.

అల్యూమినియం తేలిక, చేత్తోనే వంపు సర్దుకోవచ్చు, డ్రిల్ వెన్నలా దిగుతుంది. మొదటిసారి చేసుకునేవాళ్లకి నేను అల్యూమినియమే చెబుతాను.

జపాన్ వాళ్ల హోంజో, అమెరికా వాళ్ల వెలో ఆరెంజ్ అల్యూమినియంలో పేరున్నవి. స్టెయిన్‌లెస్ కావాలంటే ఫ్రాన్స్‌కి చెందిన జిల్ బెర్తూ. హోంజోలో చాలా రకాలకి బెజ్జాలు ఉండవు, అన్నీ మనమే పెట్టుకోవాలి. అది కష్టమనిపిస్తుంది గానీ నిజానికి అదే మంచిది. మన ఫ్రేముకి ఎక్కడ కావాలో అక్కడే బెజ్జం వస్తుంది. ముందే పెట్టి ఇచ్చిన బెజ్జం ఓ ఐదు మిల్లీమీటర్లు తప్పినా మడ్‌గార్డుని లాగి బిగించాల్సి వస్తుంది.

సుత్తి అచ్చులు అందానికి మాత్రమే కాదు. ఆ గుంటలు పల్చటి రేకుకి కొంత బిగువునిస్తాయి, తర్వాత పడే చిన్న సొట్టలు కనపడనివ్వవు. నున్నటి, మెరిసే మడ్‌గార్డు మీద మొదటి గీత పడ్డ రోజున ప్రాణం ఉసూరుమంటుంది.

అన్నిటికంటే నేను చూసేది అంచు. మంచి లోహపు మడ్‌గార్డుకి రెండు పక్కలా అంచు లోపలికి మడిచి ఉంటుంది. టైరు ఎగజిమ్మిన నీళ్లు లోపలి గోడకి తగిలి, పక్కలకి జారి, ఆ మడతలో పడి కాలవలా కిందికి పారిపోతాయి. మడత లేని చదునైన మడ్‌గార్డులో అవే నీళ్లు అంచు మీంచి కారి బూట్ల మీద పడతాయి.

వెడల్పు టైరు కంటే కనీసం 10 మి.మీ. ఎక్కువ ఉండాలి, 15 ఉంటే ఇంకా మేలు. మీ 28కి 40 నుంచి 45 మధ్యలో చూడండి. టైరు మీద రాసి ఉన్న అంకె నమ్మకండి, వెడల్పు రిమ్ము మీద 28 అని రాసి ఉన్నది 30 కూడా అవుతుంది. అలాగే ఫోర్కు కాళ్ల మధ్య, బ్రేకు చేతుల మధ్య, వెనక చైన్‌స్టేల (బాటమ్ బ్రాకెట్ నుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టాల) మధ్య అన్నిటికంటే ఇరుకు ఎక్కడో చూసి అక్కడ మడ్‌గార్డు పడుతుందో లేదో కొలవండి.

పొడవుదారి:
నేను దూరప్రయాణాలు తొక్కుతాను, 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సవారీలు). నా మాట ఒక్కటే: పొడవు చూసుకోండి.

ముందు మడ్‌గార్డు ఫోర్క్ క్రౌన్ (ఫోర్కు రెండు కాళ్లూ పైన కలిసే చోటు) కంటే ముందుకి ఓ జానెడైనా రావాలి. లేకపోతే టైరు పైనుంచి ముందుకి ఎగిరిన నీళ్లు ఎదురుగాలికి తిరిగొచ్చి మొహాన కొడతాయి. వెనక కొస బాగా కిందికి దిగాలి, దాని కింద ఒక మడ్‌ఫ్లాప్ వేలాడాలి. బూట్లని, బాటమ్ బ్రాకెట్‌ని కాపాడేది ఆ ఫ్లాపే. నేలకి నాలుగైదు సెంటీమీటర్లు ఖాళీ వదిలి మిగతాదంతా కప్పేయండి. మెత్తటి తోలు గానీ రబ్బరు గానీ వేస్తే గుంతల్లో నేలకి తగిలినా వంగి తిరిగొస్తుంది. వెనక చక్రానికి కూడా ఫ్లాప్ పెట్టండి, అది మీకోసం కాదు, మీ వెనక తొక్కేవాళ్ల కోసం.

ఫ్రాన్స్‌లో జరిగే దూరపు సైకిల్ సవారీ పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో 2007 వానల గురించి అప్పట్లో తొక్కినవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. 1200 కిలోమీటర్లు, 90 గంటల గడువు, దారి పొడుగునా వాన. అలాంటి చోట కాళ్లు పొడిగా ఉండటం సౌకర్యం మాత్రమే కాదు, చివరి దాకా తొక్కగలగడానికి ఆధారం.

గాలిపాట:
అందరూ లోహం అంటున్నారు కాబట్టి అవతలి మాట కూడా ఉండాలి. ముందు చక్రంలోకి పుల్ల దూరితే ఏమవుతుందో ఆలోచించారా? పుల్ల మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుంటే చక్రం మడ్‌గార్డుని తనతో పాటు పైకి లాగుతుంది, రేకు ముడుచుకుపోయి ఫోర్కులో చిక్కుకుంటుంది, చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. మనిషి హ్యాండిల్ మీంచి పడతాడు. ఎస్‌కేఎస్ లాంటి ప్లాస్టిక్ మడ్‌గార్డుల్లో ముందు స్టే కడ్డీలకి (మడ్‌గార్డుని డ్రాపౌట్‌కి పట్టి ఉంచే సన్నటి కడ్డీలకి) విడిపోయే క్లిప్పులు ఉంటాయి. పుల్ల పడితే కడ్డీ ఊడి వస్తుంది, చక్రం ఆగదు. పైగా వాటిలో ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం రేకు ఉంటుంది, మరీ నాసిరకం కావు. లోహపు సెట్లలో ఆ క్లిప్పులు చాలావాటికి ఉండవు. నేను మాత్రం ప్లాస్టిక్ నుంచి మారను.

రెంచిపట్టు:
గాలిపాట గారి భయం న్యాయమైనదే, తేలిగ్గా తీసేయను. కానీ ప్రమాదం లోహం వల్ల కాదు, ఇరుకు వల్ల. ముందు చక్రం తిరిగే తీరు గమనించండి. చక్రం వెనక భాగం నేల నుంచి పైకి వెళ్తుంది. కాబట్టి పుల్లయినా రాయయినా మడ్‌గార్డు కింది కొస దగ్గర లోపలికి వస్తుంది, పైకెక్కి క్రౌన్ కింద నుంచి ముందుకి బయటపడుతుంది. ప్రవేశం దగ్గర వెడల్పుగా ఉండి క్రౌన్ దగ్గర ఇరుకైతే, లోపలికి వచ్చినది అక్కడ ఇరుక్కుంటుంది. ఖాళీ కింది కొస నుంచి ముందు కొస దాకా ఒకే తీరుగా ఉంటే, లేదా ముందుకి పోయేకొద్దీ కాస్త పెరిగితే, వచ్చినది వచ్చినట్టే పోతుంది.

అందుకే నేను ఎక్కడా 10 మి.మీ. కంటే తక్కువ పెట్టను. కంకర దారులు, ఆకులు రాలే దారులు ఎక్కువైతే 15కి పైన. అంత ఖాళీ ఇవ్వలేని ఫ్రేమైతే లోహపు మడ్‌గార్డు పెట్టకండి అనే చెబుతాను. ముందు కడ్డీలకి విడిపోయే క్లిప్పులు విడిగా కూడా దొరుకుతాయి, కడ్డీ మందం కుదిరితే లోహపు వాటికీ వేసుకోవచ్చు. నాకైతే అవి ఉండటమే ఇష్టం.

గాలిపాట:
క్లిప్పులు విడిగా పెట్టుకోవచ్చన్నది మంచి మాట. 15 మి.మీ. ఖాళీ, పైన క్లిప్పులు అంటే నాకు అభ్యంతరం లేదు. కొసల్లో పదునైన అంచు లేకుండా కూడా చూసుకోండి, రేకు రేకే.

డిస్క్‌దారి:
ఇదే చర్చలో అడిగేస్తున్నాను. నాది డిస్క్ బ్రేకుల సైకిల్, కార్బన్ ఫోర్కు. ఫోర్కు కాళ్లకి బెజ్జాలు లేవు. కాలి చుట్టూ పట్టుకునే, రబ్బరు పట్టీ ఉన్న పి-క్లిప్పులు వేసి బిగించవచ్చా? డిస్క్ కాలిపర్‌కి కడ్డీ అడ్డం వస్తే ఏం చేయాలి?

రెంచిపట్టు:
కార్బన్ కాలికి పి-క్లిప్ బిగించకండి. కార్బన్ గొట్టం చుట్టూ బిగించి నొక్కే బలాన్ని ఓర్చుకునేలా దాన్ని తయారుచేయరు. డ్రిల్ చేయడం గురించి అసలు ఆలోచించొద్దు. మీ యాక్సిల్‌కి సరిపడే, మడ్‌గార్డు చెవులున్న అడాప్టర్ దొరికితే అదే దారి. లేకపోతే ఆ ఫోర్కుకి తేలికపాటి ప్లాస్టిక్ మడ్‌గార్డే సరి.

కాలిపర్ అడ్డానికి: కడ్డీని వంచే కంటే, బెజ్జం దగ్గర పొడవాటి బోల్టు వేసి, మధ్యలో చిన్న గొట్టం ముక్క స్పేసర్‌గా పెట్టి కడ్డీని బయటికి జరపండి. కాలిపర్ చైన్‌స్టే మీద, త్రికోణం లోపల ఉన్న ఫ్రేములకి ఈ బాధ వెనక ఉండదు.

వానబండి:
45 మి.మీ. అల్యూమినియం సెట్ తెచ్చుకున్నాను, సుత్తి అచ్చులది. వెనక దానికి ఒక్క బెజ్జమూ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రెంచిపట్టు:
డ్రిల్ మెషీన్ ఇప్పుడే బయటికి తీయకండి. ముందు వంపు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వంపు మీ చక్రానికి అచ్చంగా సరిపోవడం అరుదు. మడ్‌గార్డుని చక్రం మీద ఊరికే ఆనించి పక్కనుంచి చూడండి. కొసలు టైరు వైపు ముడుచుకుని ఉంటే వంపు ఎక్కువైనట్టు, కొసలు దూరంగా జరిగితే తక్కువైనట్టు. రెండు చేతులతో కొంచెం కొంచెంగా, ఒకే చోట కాకుండా పొడుగునా సర్దుకుంటూ రండి. ఒక్కచోటే బలం పెడితే రేకు మడత పడుతుంది, ఆ మడత మళ్లీ పోదు. వంపు సరిచేసేటప్పుడు వెడల్పు కూడా మారుతుంది, గమనించండి. ముక్కు సూటిగా చెబుతున్నాను, మొత్తం పనిలో ఎక్కువ సేపు పట్టాల్సింది ఇక్కడే.

ఖాళీ కొలవడానికి తేలిక మార్గం: మీకు కావాల్సిన ఖాళీ మందంలోనే చెక్క ముక్కలో గట్టి రబ్బరు ముక్కలో కోసి, టైరు మీద నాలుగైదు చోట్ల టేపుతో అంటించండి. వాటి మీద మడ్‌గార్డుని కూర్చోబెట్టండి. అన్ని ముక్కలకీ ఒకేసారి ఆనితే వంపు కుదిరినట్టే. అన్ని బెజ్జాల గుర్తులూ ఆ స్థితిలోనే పెట్టాలి, కడ్డీల పొడవూ ఆ స్థితిలోనే తేల్చాలి.

వెనక మడ్‌గార్డు మూడు చోట్ల పట్టుకుంటుంది: చైన్‌స్టేల మధ్య వంతెన, సీట్‌స్టేల (సీటు కింది నుంచి వెనక చక్రానికి దిగే గొట్టాల) మధ్య వంతెన, కడ్డీలు. చైన్‌స్టే వంతెన దగ్గర మొదలుపెట్టి పైకి రండి. ముందుది క్రౌన్ దగ్గర. మీ స్టీల్ ఫోర్కు స్టీరర్ గొట్టం (ఫోర్కు నుంచి హ్యాండిల్‌కి వెళ్లే గొట్టం) కింద తెరిచి ఉంటే దరుమా బోల్టు వాడండి. దాని కంట్లోంచి బ్రేకు బోల్టు అడ్డంగా దూరుతుంది, కింద మర ఉన్న భాగం మడ్‌గార్డులోంచి దిగుతుంది, నట్టు వేస్తే మడ్‌గార్డు నిలువుగా పైకి లాక్కుని క్రౌన్‌కి అతుక్కుంటుంది. ఎల్ ఆకారపు బ్రాకెట్ కంటే ఇది గట్టిగా ఉంటుంది, కనపడదు కూడా.

బెజ్జానికి: గుర్తు పెట్టే చోట పేపర్ టేపు అంటించి మధ్య గీత గీయండి. సెంటర్ పంచ్‌తో చిన్న చుక్క కొట్టండి, లేకపోతే బిట్టు జారి అచ్చుల మీద పరుగెడుతుంది. లోపలి వైపు చెక్క దన్ను పెట్టి ముందు 2 లేదా 3 మి.మీ. బిట్టు, తర్వాత 5 మి.మీ. దాదాపు అన్ని చోట్లా ఎం5 (5 మి.మీ. మర) బోల్టులే ఉంటాయి. బెజ్జం అంచులో గరుకు మిగలకుండా ఆకురాయితో నున్నగా చేయండి. ఇది వదిలేస్తే పగులు మొదలయ్యేది సరిగ్గా అక్కడి నుంచే.

బోల్టు తల లోపల టైరు వైపు, నట్టు బయట. తిరగేసి వేస్తే మర కొస టైరు వైపు పొడుచుకొస్తుంది.

నీలిసైకిల్:
రెంచిపట్టు గారు చెప్పిన ఆకురాయి ముక్క దగ్గరే నేనూ ఒకటి కలుపుతాను. సీట్‌స్టే వంతెన దగ్గర నా వెనక మడ్‌గార్డు బీట వారింది. బెజ్జం శుభ్రంగానే ఉంది. కారణం వేరే. వంతెనకీ మడ్‌గార్డుకీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు ఉంటే, బిగించిన షాపువాళ్లు స్పేసర్ వేయకుండా బోల్టుతోనే పైకి లాగేశారు. చూడటానికి చక్కగా ఉంది. లోపల రేకు ఎప్పుడూ విల్లులా లాగి ఉంది.

అల్యూమినియంకి స్టీలుకున్న గుణం ఒకటి లేదు. స్టీలులో ఒక హద్దుకి లోపలున్న ఒత్తిడి ఎన్నిసార్లు పడినా లోహం అలసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, చిన్న ఒత్తిడి కూడా లక్షల సార్లు పడితే పోగుపడుతూ పోతుంది. రోడ్డు మీద ప్రతి గతుకూ ఒక ఒత్తిడి. దానికి తోడు ముందే లాగి పెట్టిన బిగువు ఉంటే ఎక్కువ కాలం ఆగదు.

కాబట్టి బోల్టు పెట్టకముందే మడ్‌గార్డు తన చోట తానే నిలబడాలి. బోల్టు దాన్ని అక్కడ ఉంచడానికే, అక్కడికి తేవడానికి కాదు. పరీక్ష తేలిక: ఏదైనా ఒక్క బోల్టు విప్పండి. మడ్‌గార్డు కదలకుండా ఉంటే మంచిది. టక్కున పక్కకి ఎగిరితే అక్కడ స్పేసర్ కావాలి, లేదా వంపు మళ్లీ సర్దాలి.

పాతఫ్రేము:
నీలి గారు చెప్పింది ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. దీనికి తోడు ప్రతి బోల్టు దగ్గరా వెడల్పాటి వాషర్, ఫ్రేముకీ రేకుకీ మధ్య ఒక తోలు వాషర్ వేయండి. తోలు రెండు పనులు చేస్తుంది. బలాన్ని ఒకే చుక్క మీద పడకుండా పరుస్తుంది, లోహం లోహానికి రాసుకుని లొడలొడ చప్పుడు రాకుండా ఆపుతుంది. పాత బెల్టు ముక్క చాలు.

వానబండి:
మీరు చెప్పినట్టే చేస్తూ రెండు చోట్ల ఆగాను. ఒకటి, చైన్‌స్టే వంతెన టైరుకి బాగా దూరంగా ఉంది, దాదాపు 30 మి.మీ. సీట్‌స్టే వంతెన దగ్గర మాత్రం 16. రెండు, ముందు మడ్‌గార్డు పెట్టాక నెమ్మదిగా మలుపు తిరిగితే బూటు కొస తగులుతోంది.

రెంచిపట్టు:
మొదటిదానికి స్పేసరే. సందు కొలిచి ఆ పొడవు అల్యూమినియం గొట్టం ముక్క కోసి, పొడవాటి ఎం5 బోల్టుతో వంతెనకి బిగించండి. కంటితో అంచనా వేయకండి, అది ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా నీలి గారు చెప్పిన బిగువు వచ్చేస్తుంది. మడ్‌గార్డు చైన్‌స్టేల మధ్య ఇరుగ్గా ఉంటే రెండు పక్కలా గుండ్రటి చెక్కతో మెల్లగా లోపలికి నొక్కి చిన్న గుంట చేయండి, నరకొద్దు. ముందు డిరెయిలర్ (చైనుని గేర్ల మధ్య మార్చేది) చిన్న గేరులోకి దిగినప్పుడు మడ్‌గార్డుకి తగలకుండా కూడా చూసుకోండి.

బూటు సంగతి ఫ్రేము కొలతల వల్ల వచ్చేది, మడ్‌గార్డు దానికి ఒకటిన్నర సెంటీమీటరు దాకా కలుపుతుంది. వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంత తిరగదు కాబట్టి ఇబ్బంది రాదు. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు మలుపుకి బయటి వైపు పెడల్ ముందుకి రాకుండా చూసుకోవాలి. ముందు ఖాళీ స్థలంలో సాధన చేసి అలవాటు పడండి. బూటు మరీ లోతుగా తగులుతుంటే క్లీట్ (బూటు అడుగున పెడల్‌ని పట్టుకునే ముక్క) కాస్త ముందుకి జరిపితే పాదం వెనక్కి వస్తుంది, కానీ మోకాలికి ఇబ్బంది లేకుండా చూసుకునే ఆ పని చేయండి.

ఇంకొకటి, కుడివైపు వెనక డ్రాపౌట్ బోల్టు లోపలికి ఎంత పొడుచుకొస్తోందో తప్పకుండా చూడండి. చైను అతి చిన్న పళ్లచక్రం మీద ఉన్నప్పుడు ఆ కొస చైనుకి తగిలితే ప్రమాదం. పొడవైతే కోసేయండి. క్యారియర్ కూడా అదే బెజ్జానికి పెడుతుంటే, క్యారియర్ కాలు ఫ్రేముకి ఆనాలి, మడ్‌గార్డు కడ్డీ దాని బయట. బరువు మోసేది క్యారియరే.

వానబండి:
అయిపోయింది. స్పేసర్ 14 మి.మీ. కోశాను, టైరు చుట్టూ ఖాళీ ముందు 13, వెనక 16 దగ్గర ఒకే తీరుగా వచ్చింది. ఒక్కో బోల్టు విప్పి చూశాను, మడ్‌గార్డు ఎక్కడా కదల్లేదు. కడ్డీల కొసలు హాక్‌సాతో కోసి నున్నగా చేసి టోపీలు పెట్టాను. ముందు కడ్డీలకి గాలిపాట గారు చెప్పిన విడిపోయే క్లిప్పులు కూడా దొరికాయి. నిన్న గట్టి వానలో తొక్కాను, మేజోళ్లు తడవలేదు. చైను మీద నూనె ఉన్నట్టే ఉంది. అందరికీ కృతజ్ఞతలు.

ఒక్క సందేహం: వెనక మడ్‌గార్డుకి లైటు పెట్టి, డైనమో వైరు దాని వెంట తీసుకెళ్లొచ్చా?

పాతఫ్రేము:
ఆ మడిచిన అంచు లోపలే వైరు దూర్చండి, బయటికి కనపడదు, నీళ్లు దాని పక్కనుంచి పారిపోతాయి. వైరు బయటికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ (బెజ్జం అంచుకి తొడిగే చుట్టు) పెట్టండి, లేకపోతే రేకు అంచు దాని తొడుగుని కోసేస్తుంది. లైటు బరువు కొస మీద ఊగుతుంది కాబట్టి దాన్ని చివరి కడ్డీకి దగ్గరగా బిగించండి. లోపలి వైపు ఒక పెద్ద వాషర్ వేయండి.

నీలిసైకిల్:
నట్లన్నీ నైలాన్ ఉన్నవేనా? కాకపోతే మర వదులవకుండా పట్టే నీలం రంగు జిగురు (థ్రెడ్‌లాకర్) ఒక చుక్క వేయండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత అన్నీ ఒకసారి బిగించి చూసుకోండి, తోలు వాషర్లు నొక్కుకుని కొంచెం వదులవుతాయి.